సాహిత్య పరిభాష, స్వర పరిజ్ఞానము: ఒక విన్నపము

పరీక్షలు ముగిసిన తరువాత జవాబు పత్రములు దిద్దడానికి తెలుగు బోధించేవారమూ, ఉర్దూ బోధించేవారమూ ఒకే బల్లకు ఇరువైపులా కూర్చుంటాము. ఒక లిపి ఎడమ నుండి కుడికి నడుస్తుంది, మరొకటి కుడి నుండి ఎడమకు. కాని ఆ పత్రములలో కనబడే లోపము మాత్రము ఒక్కటే. "ఈ కవితలోని స్వరమును వివరింపుము" అని తెలుగులో అడిగితే, "ఈ కవితలో కరుణరసము పొంగి పొరలుచున్నది" అని వ్రాస్తారు. "ఈ నజ్మ్ లహజా ఎటువంటిది?" అని ఉర్దూలో అడిగితే, "ఇందులో దర్ద్ ఉన్నది" అని వ్రాస్తారు. కవిత కార్మికుని గురించి అయితే కరుణ, దేశమును గురించి అయితే వీరము, పువ్వును గురించి అయితే శృంగారము. వస్తువును చూచి స్వరమును నిర్ణయించుట మా విద్యార్థులకు అలవాటైపోయినది. ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో మాట్లాడుచున్నారని చెవి యొగ్గి వినేవారు అరుదు. ఈ వ్యాసములో 'మేము' అంటే ఆ బల్లకు రెండు వైపుల వారమూ అని పాఠకులు గ్రహింతురు గాక.

ఈ దోషమును విద్యార్థుల మీద మోపుటకు మాకు మనసొప్పదు. తొమ్మిది రసముల పేర్లు వారిచేత వల్లె వేయించినది మేమే. అంగడిలో దొరికే గైడు ఆ తొమ్మిదింటిని ఐదు మార్కుల ప్రశ్నగా మార్చినది. ఆంగ్ల తరగతిలో 'టోన్' అనే శీర్షిక క్రింద ఒక పొడవైన పట్టిక ఇస్తారు. పిల్లలు దానిని కూడా వల్లె వేస్తారు. ఆ పట్టికలోని మాటకు మీ ఇంట్లో ఏమంటారు అని ఎవరూ అడుగరు. ఫలితముగా మూడు భాషలు చదివిన విద్యార్థి మూడింటిలోనూ గొంతును గుర్తుపట్టలేకపోవుచున్నాడు.

ఇది మార్కులతో తీరిపోయే విషయమైతే ఇంత దూరము వ్రాయవలసిన పని లేదు. కొన్నేళ్ళ క్రితము మా కళాశాలలో పనిచేసిన ఒక వృద్ధ ఉద్యోగి మరణించినప్పుడు సంతాప సభ జరిగినది. చక్కగా చదివే విద్యార్థి ఒకడు సంతాప వాక్యములు వ్రాసి వినిపించినాడు. "అశేష ప్రజానీకము", "తీరని లోటు", "చిరస్మరణీయులు" వంటి మాటలన్నీ అందులో ఉన్నవి. తప్పు ఒక్కటీ లేదు. ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్య తల వంచుకొని విన్నది. అది తన భర్తను గురించి అని ఆమెకు తోచినట్లు లేదు. తరువాత ఆయనతో కలిసి పనిచేసిన మరొక ఉద్యోగి లేచి, "పొద్దున గేటు తీసేది ఆయనే, రాత్రి తాళము వేసేది ఆయనే. మేము ఎప్పుడు వచ్చినా చాయ్ తాగినావా అని అడిగేవాడు. ఇయ్యాల గేటు నేను తీసిన" అని మూడు నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాడు. సభలో ఏడువనివారు లేరు. ఆ విద్యార్థికి శబ్దసంపద తక్కువ కాదు, దుఃఖమూ తక్కువ కాదు. ఎవరి యెదుట, ఏ చనువుతో, ఏ స్థాయిలో మాట్లాడవలెనో అతనికి మేము నేర్పలేదు. ఆ రోజు మాకు కలిగిన సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

మాది బొగ్గు గనుల ప్రాంతము. పటము మీద ఊరి పేరు గోదావరిఖని. జనుల నోట గని పేరు 'బాయి'. భూగర్భములో పని మొదలుపెట్టే ముందు అనుభవజ్ఞుడైన సర్దారు చేతికఱ్ఱతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టి బండ ఒక విధముగా మ్రోగుతుంది, లోపల పొర విడిపోయిన బండ బోలుగా మ్రోగుతుంది. కంటికి రెండూ ఒకే నలుపు. తేడా చెవికే తెలుస్తుంది. ఆ తేడా తెలిసినవాడే తనను, తన తోడివారిని కాపాడుతాడు. మా విద్యార్థులలో చాలమంది తండ్రులకు, తాతలకు ఈ విద్య తెలుసు. మాటను కూడా అట్లే తట్టి చూడవచ్చునని వారి పిల్లలకు చెప్పడము మా పని.

ఇక విషయములోనికి వస్తాము. రసము వేరు, స్వరము వేరు. భరతుని నాట్యశాస్త్రము ఎనిమిది రసములను చెప్పినది. శాంతము తరువాతి కాలములో తొమ్మిదవదిగా చేరినది. శోకము స్థాయిభావముగా కరుణ, ఉత్సాహము స్థాయిభావముగా వీరము, ఈ విధముగా ఆ శాస్త్రము నడుస్తుంది. రసము కావ్యము మొత్తముగా చదువరి హృదయములో పండే ఫలము. స్వరము అటువంటిది కాదు. మాట్లాడేవాడు వినేవాని యెడల వహించిన వైఖరి అది. ఒక్క వాక్యములో పుట్టి మరు వాక్యములో మారగలదు. ఒకే రసమున్న రచనలో పది స్వరములుండవచ్చును.

తిక్కన ఉద్యోగపర్వములో ద్రౌపది కృష్ణునితో మాట్లాడే ఘట్టమును తీసుకొనండి. విషయము ఆమెకు జరిగిన పరాభవము. గైడు దానిని ఒక రసము పేరుతో ముగిస్తుంది. కాని ఆమె గొంతు ఒక్కటి కాదు. సంధి మాటలాడిన భర్తల యెడ ఎత్తిపొడుపు, ఎదుట ఉన్న కృష్ణుని యెడ చనువుతో కూడిన నిష్ఠూరము, తన జుట్టును చూపునప్పుడు ఆన పెట్టినంత దృఢత్వము. ఈ మూడింటిని విడదీసి వినగలిగినవాడే ఆ ఘట్టమును చదివినవాడు. ఉర్దూలో మర్సియా కూడా ఇట్టిదే. మీర్ అనీస్ మర్సియాలన్నీ శోక కావ్యములే అని ఒక్క మాటలో చెప్పుట సులభము. కాని మర్సియాకు చెహరా, సరాపా, రుఖ్సత్, ఆమద్, రజజ్, జంగ్, షహాదత్, బైన్ అనే అంగములున్నవి. రుఖ్సత్‌లో వీడ్కోలు గొంతు, రజజ్‌లో శత్రువును సవాలు చేసే గొంతు, బైన్‌లో విలాపము. వీరుడు రణభూమిలో తన వంశమును చాటుచున్న చోట "దర్ద్" అని వ్రాసే విద్యార్థి ఆ పుటను చదువనే లేదని మేమంటాము.

స్వరము అనే భావన మనకు పడమటి నుండి కొత్తగా వచ్చినదని కొందరు అనుకొనుచున్నారు. అది నిజము కాదు. గొంతు మార్పువలన అర్థము మారుటను మన ఆలంకారికులు 'కాకువు' అన్నారు. నాట్యశాస్త్రము దానిని సాకాంక్షము, నిరాకాంక్షము అని రెండు విధములుగా విభజించినది. ఇంకా ఏదో వినవలెననిపించే పలుకు ఒకటి, పూర్తి అయిన పలుకు మరొకటి. రుద్రటుడు వక్రోక్తిని శ్లేష వక్రోక్తి, కాకు వక్రోక్తి అని రెండుగా చెప్పినాడు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో దీనిని ఒప్పుకొనక, కాకువు పఠన ధర్మమే గాని అలంకారము ఎట్లగును అని ప్రశ్నించినాడు. ఈ వాదము ఈనాటికీ సజీవమే. స్వరము వ్రాతలో ఉన్నదా, చదివే గొంతులో ఉన్నదా? "ఆయన అబద్ధమాడుతారా?" అనే వాక్యమును ఒకసారి సందేహముతో, ఒకసారి భక్తితో చదివి చూడండి. అక్షరములు అవే, ఒకదానిలో ఆరోపణ, మరొకదానిలో ప్రమాణపత్రము. కాబట్టి రాజశేఖరుని మాటలో సత్యమున్నది. అయితే ముందు వెనుకల వాక్యములు మనకు ఏ గొంతు వాడవలెనో చెప్పకనే చెబుతాయి. ఆ సూచనలు వెదకుటయే సాహిత్యాధ్యయనము.

ఈ శాస్త్రము మనకు దూరపు చుట్టము కూడా కాదు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానములో, ఓరుగల్లులో, విద్యానాథుడు వ్రాసిన ప్రతాపరుద్రీయము శతాబ్దుల పాటు దక్షిణ దేశములో అలంకార శాస్త్రమునకు పాఠ్యగ్రంథము. గోదావరికి ఇవతల, మన పొరుగున పుట్టిన పుస్తకము అది. అందులోని ఉదాహరణములన్నీ రాజును స్తుతించేవే. లక్షణము నేర్పడానికి అది పనికివచ్చినది. కాని ఉదాహరణములన్నీ ఒకే గొంతులో ఉంటే విద్యార్థి చెవి ఒకే గొంతుకు అలవాటు పడుతుంది. ఆనాటి రాజస్తుతి స్థానములో ఈనాటి మన పాఠములలో కరుణ వచ్చి కూర్చున్నదేమో అని మాకు అనుమానము.

ఉర్దూ వారి బలాఘత్ శాస్త్రమును మన అలంకార శాస్త్రము పక్కన పెట్టి చూచినప్పుడు మాకు కలిగిన ఆనందము చెప్పనలవి కాదు. తష్బీహ్ మన ఉపమ. ముబాలఘా మన అతిశయోక్తి. ఈహామ్ శ్లేషకు దగ్గరి చుట్టము. హుస్న్-ఎ-తఅలీల్ అంటే లేని కారణమును అందముగా కల్పించుట. మన హేతూత్ప్రేక్షకు అది సమీపము. తెలిసీ తెలియనట్లు అడుగుటను వారు తజాహుల్-ఎ-ఆరిఫానా అంటారు. నిందలా కనబడే స్తుతికి వారి దగ్గరా పేరున్నది, మన దగ్గర వ్యాజస్తుతి ఉన్నది. ఈహామ్ చెప్పేటప్పుడు మేము ఒక చిన్న ఉదాహరణము ఇస్తాము. ఉర్దూలో 'కాన్' అంటే చెవి. 'కాన్' అంటే గని కూడా. వ్రాత ఒక్కటే, పలుకుబడి ఒక్కటే. బొగ్గు గనుల బిడ్డలకు ఇంతకంటె మంచి శ్లేష దొరుకునా? ఈ మాట విన్నప్పుడు తెలుగు విద్యార్థులు కూడా నవ్వుతారు. ఆ నవ్వుతో ఈహామ్ ఎన్నటికీ మరచిపోరు.

అయితే పరిభాషలో చిక్కులు లేకపోలేదు. అన్నిటికంటె పెద్ద చిక్కు 'వ్యంగ్యము'. తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకములో చెప్పిన వ్యంగ్యము సూచితమైన అర్థము. అందులో వెక్కిరింత ఉండవలెనని నియమము లేదు. నేటి వాడుకలో "వ్యంగ్యముగా అన్నాడు" అంటే వెక్కిరించినాడనే అర్థము. ఒకే ప్రశ్నపత్రములో ఈ రెండు అర్థములలోనూ ఈ మాట వచ్చుట మేము చూచినాము. విద్యార్థి తికమక పడడములో వింత ఏమున్నది? 'ధ్వని' అంటే చప్పుడు, ధ్వని అంటే కావ్యాత్మ. 'స్వరము' అంటే సంగీతములో షడ్జమము మొదలైనది, వ్యాకరణములో అచ్చు. 'లహజా' కూడా కొన్నిచోట్ల యాసకు, కొన్నిచోట్ల వైఖరికి వాడబడుచున్నది. మా అభిప్రాయములో సూచితార్థమునకు 'ధ్వని' అనీ, చెప్పిన దానికి విరుద్ధమైనది ఉద్దేశించుటకు శాస్త్రములో ఉన్న 'విపరీత లక్షణ' అనీ, సంఘ దోషములను ఎత్తి చూపే రచనకు 'అధిక్షేపము' అనీ, ఎదుటివానిని నొప్పించే మాటకు 'ఎత్తిపొడుపు' అనీ వేరువేరుగా వాడుకొంటే ఈ తికమక చాలవరకు తీరుతుంది. ఇక 'టోన్'కు తరగతిలో 'కంఠస్వరము' అనుట మంచిది. 'కాకువు' దానికి పూర్వీకుడని ఒకసారి చెప్పి ఊరుకొనవచ్చును. పిల్లలు పలుకలేని మాటను పునరుద్ధరించుట పాండిత్యమే గాని బోధన కాదు.

అధిక్షేపమును గూర్చి ఇంకొక్క మాట. కన్యాశుల్కములో గిరీశము ఉపన్యాసములు విని, "గురజాడ వారు ఈ అభిప్రాయము వెలిబుచ్చినారు" అని వ్రాసినవారున్నారు. పాత్ర గొంతు వేరు, రచయిత గొంతు వేరు. పాత్ర ఎంత గంభీరముగా మాట్లాడితే రచయిత అంతగా నవ్వుచుండవచ్చును. అక్బర్ ఇలాహాబాదీ తంజ్‌ను నీతిబోధగా వ్రాసిన ఉర్దూ విద్యార్థిదీ ఇదే పొరపాటు. తంజ్ కుట్టవలెను, మజాహ్ నవ్వించవలెను. రెండూ ఎప్పుడు కలిసినవో, ఎప్పుడు విడిపోయినవో తెలియవలెను.

స్వరమునకు పేర్లు లేవని బెంగపడువారికి మేము చెప్పేది ఒక్కటే: కాలనీలో నల్లా దగ్గర ఒక అరగంట నిలబడండి. దెప్పిపొడుపు, ఎత్తిపొడుపు, వెటకారము, ఎద్దేవా, ఎకసెక్కెము, పరిహాసము, మేలము, గద్దింపు, మందలింపు, బుజ్జగింపు, లాలన, అనునయము, ప్రాధేయపడుట, ఆక్రోశము, నిట్టూర్పు, నిర్లిప్తత. ఇన్ని మాటలు మన నోళ్ళలోనే ఉన్నవి. ఒకదానికి మరొకటి పర్యాయపదము కాదు. చేసిన ఉపకారమును గుర్తుచేసి నొప్పించుట దెప్పిపొడుపు. మాటను మరొకరి మీదుగా విసిరి గుచ్చుట ఎత్తిపొడుపు. పదిమందిలో పలుచన చేయుట ఎద్దేవా. మేలములో చనువున్నది, బావామరదళ్ళ మధ్య అది అందము. అదే మాట అపరిచితునితో అంటే అవమానము. గద్దింపులో అధికారమున్నది, మందలింపులో బాధ్యత ఉన్నది. ఉర్దూ వారి ఇళ్ళలోనూ ఈ సంపద ఇట్లే ఉన్నది: తానా, తంజ్, తమస్ఖుర్, మలామత్, ఇల్తిజా, ఫరియాద్, గిలా, షిక్వా.

ఈ మాటలలో 'నిష్ఠూరము' మాకు మిక్కిలి ఇష్టమైనది. పరాయివాని మీద కోపము వస్తుంది, నిష్ఠూరము రాదు. "నీవే ఇట్లు చేస్తే నేనెవరితో చెప్పుకొందును" అనే భావము అందులో ఉన్నది. ప్రేమ లేనిచోట నిష్ఠూరము లేదు. ఆంగ్ల పట్టికలో దీనికి సరియైన మాట మాకు కనబడలేదు. ఉర్దూలో మాత్రము వెంటనే దొరికినది: గిలా, షిక్వా. ఇక్బాల్ 1909లో వెలువరించిన కావ్యమునకు 'షిక్వా' అనే పేరు పెట్టి, 1913లో 'జవాబ్-ఎ-షిక్వా' వ్రాసినాడు. ఒక స్వరము పేరే కావ్యము పేరైనది. గోలకొండ చెరలో ఉన్న రామదాసు కీర్తనలలో రాముని మీద చేసిన ఫిర్యాదు కూడా ఆ జాతిదే. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకము నిందాస్తుతికి ప్రసిద్ధి. మతములు వేరు, భాషలు వేరు, కాలములు వేరు. కాని భగవంతునితో చనువుగా తగవులాడే ఆ గొంతు ఒక్కటే. ఈ ఒక్క పోలికను రెండు తరగతులను కలిపి కూర్చోబెట్టి చెప్పిన రోజున, ఒకరి సాహిత్యము మరొకరికి ఎంత దగ్గరో వేరే ఉపన్యాసము ఇవ్వవలసిన అవసరము మాకు కలుగలేదు.

తెలుగు వాక్యములో స్వరము ఎక్కడ దాగి ఉన్నదో చూడవలెనంటే చివరి అక్షరములను చూడవలెను. "వచ్చినాడు" అంటే వార్త. "వచ్చినాడట" అంటే బాధ్యత నాది కాదు. "వచ్చినాడులే" అంటే ఇక ఆ మాట వదిలివేయుము. "వచ్చినాడు గదా" అంటే ఇంకా ఎందుకు భయము. "వచ్చినాడూ!" అని సాగదీస్తే పరిహాసము. "రానే వచ్చినాడు" అంటే విసుగో సంబరమో సందర్భమును బట్టి తెలియును. "బాగా చదివినావు" అంటే మెప్పు. "బాగానే చదివినావు" అంటే ఆ 'నే'లో కొంత మెప్పు తగ్గి కొంత కొరత చేరినది. ఉర్దూలో 'హీ', 'తో', 'భీ', 'నా' అనే చిన్న మాటలు ఇదే పని చేస్తాయి. అటులనే సంబోధనలు. మనకు నీవు, మీరు, తమరు. వారికి తూ, తుమ్, ఆప్. దేవునితో నీవు అంటాము, తూ అంటారు. అది అగౌరవము కాదు, సాన్నిహిత్యము. కోపము వచ్చిన భార్యాభర్తలు హఠాత్తుగా 'మీరు' అని మాట్లాడుకొంటే అది గౌరవము కాదు, దూరము. నేటి ఆంగ్లములో ఈ తేడాలను చూపే సర్వనామము లేదు. కనుక ఆంగ్ల పట్టికను ఎంత బాగా వల్లె వేసినా మన కవితలో ఈ సూక్ష్మములు పట్టుబడవు.

పడమటి వారి వలన మనము నేర్చుకొనవలసినది లేదని దీని భావము కాదు. ఐ. ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జి విద్యార్థులకు కవుల పేర్లు చెప్పక కవితలు ఇచ్చి, వారి అభిప్రాయములను సేకరించి, 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజమ్' అనే గ్రంథము ప్రకటించినాడు. మంచి చదువు చదివినవారు కూడా ఎంత ఘోరముగా పొరబడినారో ఆ గ్రంథము చూపినది. ఒక వాక్యములో అర్థము, విషయము మీది భావము, శ్రోత మీది వైఖరి, ఉద్దేశము అనే నాలుగింటిని ఆయన వేరు చేసినాడు. మూడవదానినే ఆయన 'టోన్' అన్నాడు. మేము మా తరగతిలో చిన్న ఎత్తున ఈ ప్రయోగము చేసినాము. "పైకప్పు చూసుకో" అనే మా ప్రాంతపు వాక్యమును ఇచ్చి, ఎవరు ఎవరితో అన్నారో ఊహించి వ్రాయమన్నాము. ఒకరు సర్దారు కొత్త కార్మికునికి చేసిన హెచ్చరికగా వ్రాసినారు. ఒకరు షిఫ్టుకు పోయే భర్తకు భార్య చెప్పే రోజువారీ మాటగా వ్రాసినారు. ఒక విద్యార్థిని మాత్రము, ప్రమాదములో అన్నను పోగొట్టుకొన్న తమ్ముడు మొదటి రోజు పనికి పోవుచున్నప్పుడు తల్లి గడపలో నిలబడి అన్న మాటగా వ్రాసినది. తరగతి నిశ్శబ్దమైనది. ఆనాడు కంఠస్వరము అంటే ఏమిటో మేము నిర్వచించవలసిన పని పడలేదు.

ఈ కాలములో ఈ విద్య మరింత అవసరమని మా నమ్మకము. సెల్‌ఫోనులో వచ్చే రెండు ముక్కల సందేశమునకు గొంతు లేదు, ముఖము లేదు. "సరే" అనే ఒక్క మాట ఒప్పుకోలో, అలుకో, తిరస్కారమో తెలియక స్నేహితులు మాటలు మానుకొనుట మనము చూచుచున్నాము. అందుకే ప్రజలు పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టుకొనుచున్నారు. అది కాకువుకు ఈ కాలము కట్టిన బదులు. సభలలోని ఉపన్యాసములు, ప్రకటనలు, వాగ్దానములు, బెదిరింపులు అన్నీ ఏదో ఒక స్వరములోనే వస్తాయి. బుజ్జగింపు వెనుక బెదిరింపును, పొగడ్త వెనుక బేరమును వినగలిగిన పౌరుని మోసగించుట కష్టము. కవితను చదివిన చెవియే ఆ పనికీ పనికివస్తుంది.

పరిభాష ఎక్కువైతే రసాస్వాదనము చచ్చిపోవునని కొందరు పెద్దలు అంటారు. వారి భయము అకారణము కాదు. పేర్లు మాత్రమే నేర్పితే నిజముగానే చచ్చిపోతుంది. పేరు లేనిదే అనుభవము లేదా అని అడిగేవారికి మా జవాబు ఇది: అనుభవము ఉన్నది, కాని దానిని మరొకరికి చూపడానికి, మరొకరితో వాదించడానికి పేరు కావలెను. బోలు శబ్దమును వినగలిగినవాడు తన చెవిని తాను కాపాడుకొంటాడు. "ఇది బోలుగా ఉన్నది" అని చెప్పగలిగినవాడు తన ముఠాను కాపాడుతాడు.

పరిభాషను కూర్చుట మన నేలకు కొత్త పని కాదు. హైదరాబాదులో 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు శాస్త్రముల పరిభాషను ఉర్దూలో కూర్చినది. వహీదుద్దీన్ సలీమ్ పారిభాషిక పదముల నిర్మాణముపై 'వజ్-ఎ-ఇస్తిలాహాత్' అనే గ్రంథమునే వ్రాసినాడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాలల పాఠ్యగ్రంథములతో పాటు పారిభాషిక పదకోశములను వెలువరించినది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తి పదకోశములో, 1962 నాటి మొదటి సంపుటము రైతుల నోటి నుండి వ్యవసాయ పదములను ఏరి కూర్చినది. పండితుల బల్ల మీద ఒక మార్గము, ప్రజల నోట మరొక మార్గము. మాకు రెండూ కావలెను. ఉర్దూ మాధ్యమములో చదివి, తెలుగులో గజళ్ళు వ్రాసి, 1988 సంవత్సరపు జ్ఞానపీఠమును అందుకొన్న సి. నారాయణరెడ్డి గారు పూర్వపు కరీంనగరు జిల్లా వారే. 1961లో గాలిబును తెలుగు చేసిన దాశరథి గారికీ ఉర్దూ తన సొంత భాష వంటిదే. ఈ రెండు భాషల మధ్య తలుపు ఇక్కడ ఎప్పుడో తెరచి ఉన్నది. మేము క్రొత్తగా తీయవలసినది లేదు, నడిస్తే చాలును.

కావున మా విన్నపములు ఇవి. మొదటిది, తెలుగు, ఉర్దూ, ఆంగ్లము మూడు వరుసలుగా ఒక చిన్న పుస్తకమును మా విద్యార్థులే తయారు చేయవలెను. ప్రతి మాటకు ఇంట్లో విన్న ఒక వాక్యము ఉదాహరణముగా ఉండవలెను. రెండవది, ఏ కవితనైనా తరగతిలో కనీసము రెండు గొంతులతో బిగ్గరగా చదివించిన తరువాతనే ప్రశ్నలు అడుగవలెను. మూడవది, స్వరము పేరు వ్రాసిన విద్యార్థి ఆ స్వరమును పట్టిచ్చిన మాటను, అక్షరమును చూపవలెను; చూపనిచో సగము మార్కులే ఇవ్వవలెను. నాలుగవది, కవి సమ్మేళనమును, ముషాయిరాను వేరువేరు దినములలో కాక ఒకే వేదిక మీద జరుపవలెను. ఐదవది, గైడు కొనవద్దని మేము చెప్పినా వినరని తెలుసు. కొన్నప్పుడు దానిలోని "కరుణరసము పొంగి పొరలుచున్నది" అనే వాక్యమును మాత్రము కొట్టివేసి చదువుకొనవలెను.

విద్యార్థి మిత్రులారా! మీ ఇళ్ళలో నాన్న షిఫ్టు నుండి వచ్చి చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఆ రోజు ఎట్లు గడచినదో మీకు తెలిసిపోతుంది. అమ్మ "అన్నము తిను" అన్న గొంతును బట్టి ఆమె అలిగినదో, అలసినదో మీరు చెప్పగలరు. ఆ చెవి మీకున్నది. మేము కోరేది ఆ చెవితోనే తిక్కనను, అనీసును, మీ తోటివారు ఈ సంచికలో వ్రాసిన కవితలను వినుమని. విన్నదానికి మీ ఇంటి మాటలలో ఒక పేరు పెట్టి మాకు వ్రాయండి. అది మా పట్టికలో లేని మాట అయినచో పట్టికను దిద్దుకొనుటకు మేము సిద్ధముగా ఉన్నాము.